తిప్ప మీది పల్లెకు పుట్టి ప్రయాణం

ఉద్యోగం చాలించాక పుంగనూరులో ఇంత ఇల్లు కట్టుకుని నిమ్మళంగా కూర్చుందామనుకుంటే, కుప్పంలో పనిచేస్తున్న మా అమ్మాయి నన్ను కూర్చోనివ్వదు. మొన్న దాని దగ్గరికి వెళ్లినప్పుడు గుడుపల్లె దారిలో చెరువొకటి నిండిందనీ, మధ్యలో ఉన్న గుట్టకు మోటారు పడవ నడుపుతున్నారనీ చెప్పి, వద్దంటున్నా వినకుండా కారెక్కించింది. కాలవ నీళ్లు వచ్చాక ఆ వైపు చెరువులకు కొత్త కళ వచ్చిన మాట నిజమే. నారింజరంగు రబ్బరు చొక్కా ఒకటి నాకు తొడిగి, బొత్తాలు బిగించి, పడవలో కూర్చోబెట్టారు. వక్కాకు నమిలి ఊసేంత సేపట్లో అవతలి ఒడ్డు వచ్చేసింది. పక్కనున్న పిల్లలంతా ఫోన్లలో ఫొటోలు తీసుకుంటుంటే, నేను మాత్రం పడవ అంచు గట్టిగా పట్టుకుని, నా మొదటి ఉద్యోగపు రోజుల్లో ఎక్కిన పుట్టిని తలుచుకుంటూ ఉండిపోయాను.

మాది సదుం పక్కన కూలి చేసుకు బతికే కుటుంబం. మా ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషిని నేనే. నర్సు శిక్షణ ముగియగానే పెద్దతిప్పసముద్రం వైపు ఒక పల్లెలో వేశారు. గర్భిణులను చూడడం, పసిబిడ్డలకు సూదులు వేయడం, చుట్టుపక్కల పల్లెలన్నీ నడిచి తిరగడం నా పని. మన వయసువాళ్లకు చెప్పక్కరలేదు, ఆ కాలంలో మా మెట్టప్రాంతంలో నీళ్లంటే బావి అడుగున మెరిసే చారెడు నీళ్లే. మా నాయన వాన కోసం ఆకాశం చూసిన చూపే నాకు గుర్తుంది గాని, చెరువు నిండగా చూసిన గుర్తు లేదు.

అటువంటిది నేను ఉద్యోగంలో చేరిన ఏడే కుండపోతగా వానలు పడ్డాయి. నా పరిధిలోని పెద్ద చెరువు నడుమ ఒక తిప్ప, దాని మీద కొన్ని కూలివాళ్ల ఇళ్లు ఉండేవి. ఎప్పుడూ ఎండి ఉండే చెరువు కాబట్టి దాని కడుపులోనే సేద్యం చేసుకుంటూ, దాని మీదుగానే రాకపోకలు సాగించేవాళ్లు. ఆ ఏడు నీళ్లు నిండేసరికి చేలూ బాటా మునిగిపోయి, ఆ పల్లె దీవిగా మిగిలింది. అదృష్టవశాత్తు ఆ పల్లెలో ఒకామె ఇంట్లో పుట్టి ఉండేది. వెదురుతో పెద్ద గంపలా అల్లి, అడుగున గోతాము కుట్టి తారు పూసిన పడవ అది. ఆమె భర్త తుంగభద్ర వైపు పనికి పోయినప్పుడు తెచ్చి, చేపలు పట్టవచ్చని ఇంటి వెనక బోర్లించి పెట్టాడట. అతను బెంగళూరు కట్టడం పనులకు వెళ్లిపోగా, తెడ్డు ఆమె చేతికి వచ్చింది. ఊరందరూ ఆమెను అక్క అనేవాళ్లు, నేనూ అక్కనే అన్నాను.

తిప్పకు వారానికోసారి వెళ్లేదాన్ని. మొదటిసారి ఎక్కినప్పుడు పుట్టి బొంగరంలా తిరిగింది. నేను సూదిమందుల పెట్టెను వాటేసుకుని కళ్లు మూసుకున్నాను. అక్క నవ్వి, "బయపడద్దు పాపా, ఇది తిరిగేదే దీని నడక," అంది. ఆ తరువాత కొన్ని వారాలకు కాస్త కళ్లు తెరవడం నేర్చుకున్నాను. తెరిచాక తెలిసింది, ఎంత వింత లోకంలో పోతున్నానో. నల్లతుమ్మ చెట్లు మెడదాకా మునిగి, పైకి మిగిలిన కొమ్మల నిండా తెల్లకొంగలు కూర్చుని ఉండేవి. మోటారు గది కప్పు ఒకటి నీళ్ల మీద పలకలా తేలినట్టు కనిపించేది, దాని మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకునేవి. కరెంటు స్తంభాలు పొట్టివై నిలబడేవి. గాలి లేని రోజున దూరాన హార్సిలీ కొండలు నీలంగా ఒకటి పైనా ఒకటి నీళ్లలోనూ కనిపిస్తే, ఏది నిజమైనదో కాసేపు తెలిసేది కాదు.

తిప్ప మీద ఒక కోడలు తొలిచూలుతో ఉండేది. భర్త కూడా బెంగళూరులోనే. నెలలు నిండుతున్న కొద్దీ ఆ అమ్మాయి కాళ్లూ ముఖమూ వాచాయి, తలనొప్పి అనడం మొదలుపెట్టింది. ఒక వారం చూసేసరికి రక్తపోటు బాగా పెరిగిపోయి ఉంది. ఇంట్లో కాన్పు చేసే స్థితి కాదు, వెంటనే మదనపల్లె పెద్దాసుపత్రికి చేర్చాలి. ఆ మాట చెప్పగానే అత్త గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. చెరువు నిండినప్పటి నుంచి ఆమె ఒక్కసారి కూడా తిప్ప దిగలేదు.

"పంపను నర్సమ్మా. కడుపుతో ఉండే బిడ్డని నీళ్ల మింద యాల పంపిస్తారు? ఏమైనా అయితే నా కొడుక్కి నేనేం సెప్పేది?"

శిక్షణలో నేర్పిన మాటలన్నీ చెప్పాను. ఆమె కదలలేదు. చివరికి నాలో ఉన్నదే చెప్పాను. "నాకూ నీళ్లంటే బయమేనమ్మా. అయినా ఈ బిడ్డని ఈడ పెట్టుకుంటే నాకు అంతకన్నా బయంగా ఉండాది."

ఆమె నా ముఖంలోకి చూసి అంది. "నువ్వు బయపడేది నాకు తెల్దా? నువ్వు వచ్చే దినం గట్టున నిలబడి సూస్తానే ఉంటా. మొదట్లో కండ్లు మూసుకోని ఉంటివి, ఇప్పటికీ ఆ పెట్టె కరుసుకోనే కూర్సోనుంటావు. అట్టయినా వారం వారం వస్తానే ఉండావు." కొంగు బిగించుకుని లేచి, కోడలి చేయి పట్టుకుంది. "లెయ్యి పాపా, పోదాం. నేనూ వస్తాండాను."

నలుగురం ఎక్కాం. సగం దూరం పోయామో లేదో గాలి లేచింది. అలలు అంచు దాకా ఎగసి, పుట్టి గిర్రున తిరగసాగింది. కోడలు మూలుగుతోంది, అత్త కళ్లు గట్టిగా మూసుకుని దేవుళ్లందరినీ పిలుస్తోంది. అక్క తెడ్డు ఆపకుండానే, ఏమీ జరగనట్టు అడిగింది. "అత్తా, మన కింద ఎవురి సేను ఉండాది, కొంచెం సూసి సెప్పు."

ఆమె ఒక కన్ను తెరిచింది. మోటారు గది చూసింది, తుమ్మచెట్టు చూసింది. "ఇది మా పెదమామ సెనక్కాయ సేను," అంది. ఇంకాస్త ముందుకు పోయాక తాను రాగులు తూర్పారబట్టిన కళ్లం చూపించింది. పెళ్లయిన కొత్తలో అలిగి కూర్చున్న సీతాఫలం చెట్టు ఫలానా చోట ఉండాలని చెప్పింది. కోడలు ఆ నొప్పిలోనే, యాల అలిగినావత్తా అని అడిగింది. ఆ కథ సగంలో ఉండగానే పుట్టి అడుగు ఇసుకకు తగిలింది.

రోడ్డు మీద మదనపల్లె మార్కెట్టుకు టమోటాలు తీసుకుపోతున్న లారీ దొరికింది. డ్రైవరు మమ్మల్ని చూసి క్లీనరును గంపల మీదికి ఎక్కించి, ముందు చోటిచ్చాడు. ఆసుపత్రిలో వెంటనే చేర్చుకున్నారు. డాక్టరమ్మ చాలా కష్టపడింది, మేమూ చాలా భయపడ్డాం. చివరికి తల్లీ బిడ్డా దక్కారు. ఆడపిల్ల. పళ్లు బయటపడేలా ఆ అత్త నవ్వడం నేను చూసింది ఆ రోజే.

పసిబిడ్డను తీసుకుని తిరిగి వెళ్లిన ఉదయం నేనూ పుట్టిలో ఉన్నాను. మేము ఇవతలి ఒడ్డు విడిచింది చూసి తిప్ప మీది వాళ్లంతా, ముసలీ ముతకా సహా, ఒక్కొక్కరే దిగి వచ్చి నీళ్ల అంచున నిలబడ్డారు. మేము చిన్నగా తిరుగుతూ తిరుగుతూ దగ్గరవుతుంటే వాళ్ల ముఖాలు ఒక్కొక్కటే స్పష్టమయ్యాయి. పిల్లలు మోకాటి లోతు దాకా ఎదురు వచ్చి పుట్టిని లాక్కుపోయారు.

ఎండలు ముదిరాక చెరువు ఇంకిపోయింది. కొన్నేళ్లకు ఆ ఇళ్లవాళ్లంతా రోడ్డు పక్కకు మారిపోయారు. కూలికి పోయినవాళ్ల పిల్లలు ఇప్పుడు జీతాల మనుషులు. ఆనాటి పసిబిడ్డ బడిలో టీచరని విన్నాను. ఈ కాలంలో ఫోను చేస్తే అంబులెన్సు గుమ్మం ముందుకే వస్తుంది, ఏ కోడలూ గాలివానలో పుట్టి ఎక్కనక్కరలేదు. ఆ రోజులు మళ్లీ రావాలని నేనెన్నడూ కోరుకోను. కాకపోతే ఇప్పుడు బండి ఆగి తలుపు తెరుచుకున్నాకే గదా మనిషి వచ్చినట్టు తెలిసేది. అల్లంత దూరాన ఎవరో వస్తున్నారని కనిపెట్టి, చేతిలో పని వదిలేసి, ఊరంతా దిగి వచ్చి ఎదురుచూసే ఆ కాసేపు ఎటు పోయిందో అని మాత్రం అప్పుడప్పుడు అనిపిస్తుంది.