గుండ్రటి గోడకు చెప్పిన మాట

పరమాణువు తనంత తానే వెలుగుతుందని, ఎంత త్వరగా వెలగాలన్నది దాని సొంత స్వభావమని నల్లగొండ ఆడపిల్లల కాలేజీలో ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. పిల్లలు రాసుకున్నారు, పరీక్షల్లో అదే దించారు. అది సగం అబద్ధమని రిటైరయ్యే ముందు తెలిసి నాకు ఒళ్లు మండింది.

లైబ్రరీకి వచ్చిన విదేశీ పత్రిక ఒకటి తిరగేస్తుంటే కనబడింది. శక్తి నిండిన పరమాణువును ఆరుబయట వదిలితే ఒక తీరుగా వెలుగుతుందట. వెలుగు అల పట్టేంత ఇరుకు గదిలో పెడితే మాత్రం దాని ఇష్టం సాగదు. గది గోడలు ఏ అలను ఉండనిస్తాయో ఆ అలలోనే వెలగాలి. గోడలకు నచ్చితే త్వరగా వెలుగుతుంది, నచ్చకపోతే వెలగలేక ఆగుతుంది. ఆ గదుల్లో ఒక రకం గుండ్రటి బిళ్ల, తల వెంట్రుక కన్నా సన్నం. అంచు దగ్గర పుట్టిన వెలుగు బయటికి పోకుండా లోపలి అంచునే ఒరుసుకుంటూ చుట్లు కొడుతుంది. నడుమ పుట్టిన వెలుగుకు ఆ దారి దొరకదు, అది చెదిరిపోతుంది. ఈ నడకకు వాళ్లు పెట్టుకున్న పేరు గుసగుసల గ్యాలరీ. గుండ్రటి గోపురం కింద గోడకు ఆనుకుని గుసగుసలాడితే అవతలి గోడ పక్కనున్నవాడికి వినబడుతుందట, పేరు అక్కణ్నుంచి వచ్చిందట.

ఆ వాక్యం దగ్గర పత్రికను బల్ల మీద విసిరి కొట్టాను.

మాది రామన్నపేట దగ్గరి పల్లె. పోలీసు చర్య అయిపోయి, రజాకార్లు పోయి, మిలిటరీ క్యాంపు దిగిన చలికాలం. నిజాం పోయాడని సంబరపడినవాళ్లే సంఘంలో తిరిగిన కొడుకులను దాచుకోవడానికి జాగా వెతుక్కుంటున్నారు. మా అన్న కమ్యూనిస్టు దళంలో ఉన్నాడు. నాకప్పుడు పద్నాలుగేళ్లు. వదినను కోస్గి నుంచి తెచ్చుకున్నాం. అంత దూరపు పిల్లను ఎందుకు తెచ్చారని మా వాళ్లు ఆమె ముందే అనేవారు.

మా ఇంటి పద్ధతి ఒకటుంది, తలచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరకాలనిపిస్తుంది. మగవాడు కంటికి ఆనినంత దూరంలో ఉన్నాడంటే కోడలు గోడవైపు తిరిగి మాట్లాడాలి. మామ అన్నం ఎప్పుడు తింటాడో గోడను అడగాలి. మొగుడికి జ్వరం వచ్చిన సంగతి గోడకే చెప్పాలి. వదిన అప్పటికే అందులో ఆరితేరింది.

మా మోటబావి రాతికట్టుది, గుండ్రంగా చెక్కిన రాళ్లతో కట్టారు. నీళ్లకు కాస్త పైన చుట్టూతా ఒక అడుగు వెడల్పు గట్టు. ఆ రోజు మేమిద్దరం గట్టు మీద బట్టలు పిండుతున్నాం. ఊళ్లో సర్కారు మనిషి, పోలీసు పటేలు, అవతలి వైపు మెట్లు దిగి, కాళ్లు కడుక్కుని, గోడకు చేరగిలబడి చుట్ట ముట్టించాడు. వాడికీ మాకూ నడుమ బావెడు నీళ్లు. మగవాడు కనబడ్డాడు గనుక వదిన అలవాటు ప్రకారం ముఖం గోడకు తిప్పింది. రాయికి పెదవులు తగిలేంత దగ్గరగా, ఊపిరంత గొంతుతో అంది:

"పిల్లా, ఎవలకు చెప్పకు. మీ అన్న రేపు మాపటికి మన చెలకల గుడిసెకు వస్తడంట. జొన్న రొట్టెలు నువ్వే పట్కపోవాలె."

మర్నాడు నేను రొట్టెలతో మెట్ట చెలక గెట్టు ఎక్కేసరికి గుడిసె చుట్టూ మిలిటరీ ఉంది. అన్నను నా కళ్ల ముందే కాల్చారు.

దినాలు కాకముందే విచారణ మొదలైంది. విచారణ అంటే మిలిటరీ వాళ్లది కాదు, మా ఇంటిది. అన్న కబురు తనకొక్కదానికే పంపాడని, తను నాకు తప్ప ఎవరికీ చెప్పలేదని వదినే ఒప్పుకుంది. నేను ఇంటి బిడ్డను, నా మీద ఎవరికీ అనుమానం రాలేదు. బావిలో పటేలు ఉన్నాడని అరిచి చెప్పాను. బాపు చెంప పగలగొట్టాడు.

"ఆడెక్కడ, మీరెక్కడ? అంత దూరం గుసగుస ఇనొస్తదా? బుద్ధుండి మాట్లాడుతున్నవా?"

లేజరు ఎలా పుడుతుందో పిల్లలకు చెప్పినప్పుడల్లా నాకు మా ఊరే గుర్తొచ్చేది. శక్తి నిండి సిద్ధంగా ఉన్న పరమాణువుల పక్కనుంచి ఒక వెలుగు కణం పోతే చాలు, ఒక్కొక్కటీ అచ్చం అలాంటి కణాన్నే వదులుతుంది, అదే రంగు, అదే దిక్కు. మా ఊళ్లో నోళ్లు అలాగే సిద్ధంగా ఉన్నాయి. "మొగన్ని పట్టిచ్చింది" అన్న ఒక్క మాట వాకిళ్లన్నీ చుట్టి తిరిగొచ్చేసరికి వదిన చేతిలో బట్టల మూట పెట్టి పుట్టింటికి బండెక్కించారు. నాకా ఇంట్లో అన్నం సయించలేదు. పోరి పోరి హైదరాబాదు హాస్టల్లో పడ్డాను.

ఆ పత్రిక చదివిన వారమే ఊరికి పోయాను. బాపు అప్పటికి లేడు. ఆయన తమ్ముడు చిన్న బాపు ఉన్నాడు, వదినను బండెక్కించింది ఈయనే. కర్ర పట్టుకుని నడిచే ఆ ముసలివాణ్ని బావిలోకి దించాను. జాలి పడలేదు. పటేలు కూర్చున్నచోటే కూర్చోబెట్టి, అవతలి గట్టు మీదికి పోయి, రాయికి పెదవులు ఆనించి, ఊపిరంత గొంతుతో అన్నాను:

"వదినె చెప్పలే. పటేలు ఇన్నడు."

అవతల ఆయన తల ఎత్తాడు. నేను తిరిగి వచ్చాక బిళ్ల, అంచు, చుట్లు అన్నీ విడమరిచి చెప్పడం మొదలుపెట్టాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"గదంత ఎందుకు బిడ్డా. పటేలు గప్పుడే కల్లు దుకాణంల అందరి ముంగట చెప్పుకున్నడు, బావిల ఇన్నా అని. మీ బాపుకు ఎర్కే."

"మరి ఆమెనెందుకు ఎల్లగొట్టిన్రు?"

"పటేలు పేరు తీస్తే మనిల్లు కాలవెడుదురు. ఆమె పేరు తీస్తే ఎవడొస్తడు?"

ఆయన్ను మెట్లెక్కించకుండా అక్కడే వదిలి వచ్చాను. ఎవరో ఎక్కించే ఉంటారు.

నేరుగా కోస్గి బస్సెక్కాను. అంతకు ముందు ఎప్పుడు పోయినా వదిన చెంబుతో నీళ్లిచ్చి లోపలికి పోయేది, ఎదురుగా కూర్చునేది కాదు. మా ఇంటి మీద కోపమనుకునేదాన్ని. అది న్యాయమైన కోపమే గనుక ఎన్నడూ అడగలేదు. ఈసారి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. బావి గోడ మాటను ఎలా మోసుకుపోయిందో, పటేలు ఎలా విన్నాడో, మా వాళ్లకు మొదటి నుంచీ తెలిసి కూడా ఎలా నోరు మూసుకున్నారో అంతా చెప్పాను. నా గొంతు వాకిలి దాకా వినబడి ఉంటుంది.

వదిన నా ముఖంలోకి చూసింది. ఇన్నేళ్లలో ఆమె నన్ను అలా చూడటం అదే మొదలు.

"అయితే," అంది, "నువ్వు జెప్పలేదా పిల్లా?"