ముద్దతో పాటు పోయిన పప్పు

ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు నన్ను కడప నుంచి కర్నూలుకు బదిలీ చేశారు. పని పాతదే, ఆసుపత్రిలో డైటీషియన్. హోదా మాత్రం ఒక మెట్టు పెరిగి సీనియర్ డైటీషియన్ అయింది. అంటే వార్డుల్లో రోగుల భోజనం చూసుకోవడంతో పాటు ప్రతి మంగళవారం షుగరు క్లినిక్‌లో కూర్చుని, డాక్టరుగారు పంపినవాళ్లకు ఏం తినాలో ఎంత తినాలో రాసివ్వాలి. మందు రాస్తే మారుమాట్లాడని మనిషి కూడా తిండి దగ్గరికొచ్చేసరికి వాదనకు దిగుతాడు. ఏళ్ల తరబడి ఆ వాదనలు గెలిచీ గెలిచీ నాకు కాస్త పొగరు వచ్చిన మాట నిజం.

అప్పట్లో మా క్లినిక్‌లో తక్కువ కేలరీల ఆహారం మొదలుపెట్టాం. కేలరీ అంటే తిండి ఇచ్చే శక్తికి కొలత. ఒళ్లు బరువెక్కి షుగరు వచ్చినవాళ్లు కొన్ని నెలలు ఆ శక్తిని బాగా తగ్గించుకుంటే బరువూ దిగుతుంది, చాలామందిలో షుగరూ దిగుతుంది. ఆ పద్ధతి మంచిదేనని ఇప్పటికీ అంటాను.

అలా వచ్చినవాళ్లలో మద్దమ్మ ఒకామె. పత్తికొండ వైపు పల్లె నుంచి వచ్చి కల్లూరులో ఉంటోంది. వయసు యాభై దాటింది. ఒక బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండే పని. ముందుగా ఆమె ‘నిన్నటి తిండి’ రాశాను. మా వృత్తిలో అన్నిటికన్నా ముందు చేసేది అదే. నిన్న లేచింది మొదలు పడుకునేదాకా నోట్లో పడిందంతా చెప్పించి రాసుకుంటాం. పూటకు రెండు సంగటి ముద్దలు, పప్పో పులుసో, వేరుశనగలు నూరిన ఊరిబిండి అని చెప్పింది. పూటకు ఒక్క ముద్దే తినమన్నాను. ఊరిబిండి మానేయమన్నాను. మిగతాదంతా అచ్చువేసిన కాగితంలో ఉంది. అందులో పప్పు ఒక కప్పు అని స్పష్టంగా రాసి ఉంది.

మూడు నెలలకు ఆమె ఎనిమిది కిలోలు తగ్గింది. మూడు నెలల సగటు చెప్పే షుగరు పరీక్ష కూడా బాగా దిగింది. నా సంబరం ఇంతా అంతా కాదు. ఆ మంగళవారం నేల మీద పరిచిన జంఖానాపై కూర్చున్న రోగులందరికీ ఆమెను చూపిద్దామని లేచి నిలబడమన్నాను. మద్దమ్మ అరచేయి నేలకు ఆనించింది, లేవలేకపోయింది. చివరికి కిటికీ ఊచ పట్టుకుని లేచింది.

“ఏం మద్దమ్మా, బరువు తగ్గింది గానీ బద్ధకం తగ్గలేదే!” అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

అందరూ వెళ్లిపోయాక ఆమె ఒక్కతే ఆగింది.

“బద్ధకం కాదు మేడం, ఒంట్లో సత్తవ లేదు. మొన్న అన్నం డేగిశా దించుతాంటే చేయి జారింది. గంజంతా కింద పడిపాయ. ఈరమ్మ కాలు రవ్వంతలో తప్పింది. ఈ నెల చూసి వేరే మనిషిని పెట్టుకుంటా అంటాండాడు హెడ్మాష్టరు సారు. ఆ పని పోతే నేను యాడికి పోవల్ల?”

ఈరమ్మ అంటే ఆమెతో కలిసి వండే మనిషి.

వెంటనే కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమన్నాను. మూడోసారికే ఆయాసపడింది. పిడికిలి బలం చూపే పరికరం ముల్లు సగం కూడా కదల్లేదు. టేపుతో కొలిస్తే పిక్క ఉండాల్సినదానికన్నా సన్నగా ఉంది. ఈ మూడు పరీక్షలూ కలిపి పది నిమిషాల పని. మొదటిరోజే చేసి ఉండాల్సింది.

తిండి తగ్గినప్పుడు ఒళ్లు కొవ్వును కరిగిస్తుంది, దాంతో పాటు కొంత కండనూ కరిగిస్తుంది. పప్పు, గుడ్డు, పాలు లాంటి వాటిలో ఉండే మాంసకృత్తులు చాలకపోతే, కండకు వ్యాయామం లేకపోతే, ఆ నష్టం ఇంకా పెరుగుతుంది. షుగరున్నవాళ్లకు అసలే కండబలం తగ్గే స్వభావం ఉంటుంది. పైగా తిన్నాక రక్తంలో చేరిన చక్కెరలో ఎక్కువ భాగాన్ని వాడుకునేది ఆ కండే. దాన్ని పోగొట్టుకుంటే షుగరుకూ చేటే.

మళ్లీ నిన్నటి తిండి రాశాను. పప్పు మొదట చెప్పినదాంట్లో సగమే ఉంది. పప్పు తగ్గించమని నేను చెప్పలేదు కదా అని కొంచెం కోపంగానే అడిగాను.

“ఒక్క ముద్దకు ఒక్క గుంతే గదా మేడం. ఇంక పప్పు యాడ పోసుకోవల్ల?” అంది.

పెన్ను కింద పెట్టేశాను. సంగటి తినేవాళ్లు ముద్ద నడుమ గుంత చేసి, అందులో పప్పో పులుసో పోసుకుని అద్దుకుని తింటారు. కప్పులో పప్పు పోసుకుని తాగే ఇల్లు మా వైపు లేదు. నేనూ రాయచోటిలో అలాగే తిని పెరిగినదాన్ని. ముద్దను సగం చేస్తే పప్పూ సగమవుతుందని నాకు తట్టలేదు. ఊరిబిండిని నేనే మాన్పించాను. గుడ్ల సంగతి అడిగితే, రోజూ బడిలో ఉడకబెడతాను గానీ అవి పిల్లోళ్లవి అంది. ఇంట్లోకి కొనుక్కోవడం మాత్రం ఎప్పుడూ లేదట.

డాక్టరుగారికి అంతా చెప్పాను. ఆయన ముందు మూత్రపిండాల పరీక్ష చేయించారు. అవి దెబ్బతిని ఉంటే మాంసకృత్తులు ఇష్టం వచ్చినట్టు పెంచకూడదు. ఆమెకు బాగానే ఉన్నాయి. షుగరు మాత్రల మోతాదు ఆయనే సరిచూశారు. నేను ముద్దను ఒకటి దగ్గరే ఉంచి, పప్పు గట్టిగా వండి రెండు గుంతలు పోసుకోమన్నాను. రోజూ ఒక గుడ్డు, పెరుగు, కొద్దిగా ఊరిబిండి చేర్చాను. ఫిజియోథెరపిస్టు కుర్చీలోంచి లేచే వ్యాయామం నేర్పి, పావు బిందె నీళ్లతో మొదలుపెట్టి వారం వారం పెంచుతూ ఎత్తమన్నాడు. రెండు నెలలు ఒంటరిగా బరువులు దించకూడదని డాక్టరుగారు రాసిచ్చిన కాగితం తీసుకుని నేనే బడికి వెళ్లాను. తప్పు ఆమెది కాదు, నాది అని హెడ్మాస్టరుకు చెప్పాను. ఆయన డేగిశాకు రెండోవైపు ఈరమ్మ పట్టేటట్టయితే సరేనన్నారు. తప్పు నాదేనన్న మాట తర్వాతి మంగళవారం జంఖానా మీద కూర్చున్నవాళ్లకూ చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

రెండు నెలల గడువు ముగిసిన వారానికి మద్దమ్మ చేతులు కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చుంది. షుగరు పెరగలేదు. పని నిలబడింది.

అప్పటి నుంచి విరమణ దాకా, ఎవరికైనా ఒకటి తగ్గించమని చెప్పే ముందు దాన్ని దేనితో కలిపి తింటారో అడిగి రాసుకున్నాను. తూకం వేసిన ప్రతిసారీ పిడికిలి కూడా కొలిచాను. ఆ రెండు నెలల్లో మద్దమ్మ కిలోన్నర పెరిగింది కాబట్టి, క్లినిక్ నియమం ప్రకారం ఆమె పేరు రిజిస్టరులో ‘ఫలితం తగ్గినవారు’ అనే గడిలో చేరాలి. అందులోనే చేర్చి, పక్కన ‘డేగిశా ఒక్కతే దించుతోంది’ అని రాసి సంతకం పెట్టాను.