రాజనర్సు చేసిన కొవ్వు బిళ్లలు

దోహాలో నేను వంట చేసిన ఇంటికి రాజనర్సు వాచ్‌మన్. యజమానిని మేం బాబా అనేవాళ్ళం. బాబాకి పాత పిస్తోళ్ళ పిచ్చి. గొట్టంలో తుపాకిమందు పోసి, సీసపు గుండు దట్టించి, శుక్రవారాలు ఎడారిలోకెళ్ళి పేల్చుకునే రకం. మందుకీ గుండుకీ మధ్య కొవ్వు పట్టించిన ఉన్ని బిళ్ల పెట్టాలట, లేకపోతే లోపల మసి గట్టిపడిపోతుందట. ఆ బిళ్లలు లండన్ నుంచి వచ్చేవి. తొంభై నాలుగులో రావడం మానేశాయి. నేను చేస్తానన్నాడు రాజనర్సు.

ఎందుకన్నాడో నాకు తెలుసు. జగిత్యాల వైపు మనిషి. సైటులో పరంజా మీంచి పడి నడుం దెబ్బతింటే, బాబా జాలిపడి ఇంట్లో పెట్టుకున్నాడు. ఇక్కడ పనికొస్తున్నానని చూపించుకోకపోతే మళ్ళీ పరంజా ఎక్కిస్తారని వాడి భయం.

చేశాడు మహానుభావుడు, నా వంటింట్లోనే. గొర్రె కొవ్వు కరిగించి తేనెమైనం కలిపాడు. గుర్రం జీను కింద వేసే మందపాటి ఉన్నిని బిళ్లలుగా కొట్టి అందులో ముంచాడు. బంగారంలాంటి నా గిన్నె జిడ్డోడిపోయింది.

"కూర వండుకునే గిన్నె అది, నీకు బుద్ధుందా?" అని తిట్టాను.

"తిట్టకే తెరెసక్కా, అయిపోవచ్చింది" అన్నాడు.

బిళ్లలు పసుపుపచ్చగా ఉంటే మైనం రంగనుకున్నాడు బాబా. బాగా పేలుతున్నాయని మురిసిపోయాడు. కొన్నాళ్ళకి వాళ్ళ తాతగారి పిస్తోలు గొట్టంలో తుప్పు కనబడింది. బాబా ఒక బిళ్ల తీసి నాలుక చివర పెట్టుకున్నాడు. ఉప్పగా ఉంది.

"కొవ్వు కాగేటప్పుడు ఇంత ఉప్పు, పసుపు ఎయ్యకుంటే వాసనొస్తది. మా అవ్వ గట్లనే జేస్తది" అన్నాడు రాజనర్సు. కొవ్వంటే తినేదే వాడికి. ఉప్పు తగిలితే ఇనుము తుప్పు పడుతుందని వాడి బుర్రకి తట్టనే లేదు.

బాబా అరవలేదు. మర్నాడే వాణ్ణి సైటు కూలీలుండే క్యాంప్‌కి వ్యానెక్కించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తుప్పు పట్టింది పిస్తోలుకి, పరంజా ఎక్కేది మనిషి.

ఆ వారమే బాబా, బిళ్లలు తనే చేసుకుందామని, కొవ్వు పట్టుకుని నా వంటింట్లోకి వచ్చాడు. మైనం ఎంత వేసినా ముద్ద గట్టిగా రాయిలా అవుతోంది, లేదంటే నీళ్ళలా జారుతోంది.

"రాజనర్సు మైనం ఎంత వేసేవాడు?" అని అడిగాడు.

నాకు తెలుసు. రెండు వంతుల కొవ్వుకి ఒక వంతు మైనం. పక్కనే నిలబడి చూశాను.

"నాకు తెలీదు బాబా. అది వాడికే తెలుసు" అన్నాను. అబద్ధం బయటపడితే నన్నూ పంపేస్తాడని, మొహం కనబడకుండా పొయ్యి వైపు తిరిగాను.

బాబా కాసేపు ఆ ముద్దని కెలికాడు. తర్వాత డ్రైవర్ని పిలిచి, వాణ్ణి తీసుకురమ్మని క్యాంపుకి పంపించాడు.

రాజనర్సు సంచి దించీ దించకముందే నన్ను పట్టుకున్నాడు.

"పక్కనే ఉండి చూసినవు గదక్కా, ఎట్ల మర్సిపోయినవ్?"

"మర్చిపోయాన్లే. ముందు అన్నం తిను" అన్నాను.