మిషనత్త కొత్త మోకాలు

మా వీధిలో బట్టలు కుట్టే మిషనత్తకి మోకాలు మార్చాక నొప్పి పోయింది. దాంతోపాటు పనీ పోయేలా ఉంది. ఆవిడ పెడల్ తొక్కగానే మిషను చక్రం వెనక్కి తిరుగుతోంది, దారం పుటుక్కున తెగుతోంది. ఆ పుటుక్కు పక్కింట్లో ఉన్న నాకే కాదు, మూడు వీధుల అవతలి వాళ్లకీ వినబడేది. అబద్ధమైతే చెవి కోసుకుంటా.

ముందు దారాన్ని తిట్టింది. తర్వాత సూదిని. రెండూ మార్చినా అదే తంతు. అప్పుడు కొత్త మోకాలి వంక అనుమానంగా చూసి నన్ను పిలిచింది.

"ఒసే, డాక్టరు దీన్ని వెనకా ముందూ చూసుకోకుండా బిగించాడేమో! లేకపోతే చక్రం వెనక్కెందుకు పోతుందే?"

"మరి నడిచేటప్పుడు ముందుకే వస్తున్నావుగా అత్తా?"

"అదేగా నాకూ అర్థం కానిది!"

వంటగదిలోంచి కోడలు అందుకుంది. "ఎందుకత్తయ్యా ఈ పాట్లు? మోటారు పెట్టించేద్దాం. కాలు ఆనిస్తే చాలు."

"మోటారా! దాని పరుగుకి నా వేలు కూడా కలిపి కుట్టేస్తుంది. పెడల్ తీసేసిన రోజు నన్నూ పాత సామాన్లవాడికి వేసెయ్."

మిషను బాగుచేసే అతను వచ్చాడు. అతను తొక్కితే చక్రం బుద్ధిగా ముందుకి. నేను తొక్కితే గుడ్డ వంకరపోయింది గానీ చక్రం ముందుకే. అత్త తొక్కింది. పుటుక్కు.

అతను నేలమీద బోర్లా పడుకుని అత్త పాదం వంకే చూశాడు.

"అమ్మా, ఇదివరకు మునివేళ్లతో మొదలుపెట్టేవారా, మడమతోనా?"

"ఏమో నాయనా! ఇన్నేళ్లూ నొప్పిని చూసుకున్నా గానీ పాదాన్నెవరు చూశారు? వేళ్లు నొక్కితే మోకాలు ప్రాణం తీసేది..." అని ఆగిపోయింది. "అయితే మడమేనేమో!"

నొప్పి పోయిందని పాదం ఇప్పుడు ముందుగా వేళ్లు నొక్కుతోంది, అందుకే చక్రం వెనక్కి పోతోందన్నమాట. తెలిసింది కదా అని మడమ నొక్కబోతే, ఆలోచనలో పడి ఏది మడమో ఏది వేళ్లో ఆవిడకే తికమక. మళ్లీ పుటుక్కు. విసుగెత్తి పాత అలవాటున "అమ్మో, నా మోకాలో!" అని మూలిగింది. మూలిగిందో లేదో, మడమ దానంతటదే దిగింది. చక్రం ముందుకి!

కోడలు గరిటెతో పరుగెత్తుకొచ్చింది. "నొప్పిగా ఉందా అత్తయ్యా?"

"లేదే. ఉందనుకుంటోంది కాలు. నువ్వా మోటారు సంగతి మర్చిపో."

ఇప్పుడు రోజూ ముందు మూలుగు, వెనకే మిషను చప్పుడు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు గుమ్మంలోనే బెదిరిపోయి "మీరు పడుకోండి, తర్వాత వస్తాం" అంటున్నారు. మొన్న డాక్టరు, నొప్పి ఉందా అని అడిగితే "కుట్టేటప్పుడు కావాలండీ, మిగతా వేళల్లో వద్దు" అందట. ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, ఇంకో ఎక్స్‌రే తీయించమన్నాడట.