ఫ్యాన్ చప్పుడు

ఆ ఎండాకాలం రామన్నపేట దగ్గర మా మేనత్త ఊరికి పోతే, నాకు మొదట ఒళ్లు మండింది బర్రె కొట్టంలోని ఫ్యాన్‌ను చూసి. పైన రేకులు, చుట్టూ గాలి రాని గోడలు. ఒక్క బర్రె కోసం ఆ పాత ఫ్యాన్ పగలూ రాత్రీ గరగరమంటూ తిరిగేది. కరెంటు ఇంత దండగా? స్టేటస్‌లో పెట్టి తిడదామని వీడియో కూడా తీశాను.

తర్వాత ఫోన్‌లో చూసి, మామతో కొట్లాడి రేకులకు సున్నం కొట్టించాను. పైన తాటికమ్మలు పరిపించాను. గోడలో పై వరుస ఇటుకలు తీయించాను. నడిమధ్యాహ్నం లోపల నిలబడితే చెమట పట్టలేదు. గర్వంగా ఫ్యాన్ ఆపేశాను.

ఆ సాయంత్రం బర్రె చేపలేదు.

"చేపుడంటే ఏంది అత్తమ్మా?"

"చన్నులల్లకు పాలు దించుడు. గిది దించుతలేదు."

అత్తమ్మ దూడను విడిచింది. దాణా పెట్టింది. పొదుగు కడిగి నిమిరింది. గిన్నె తడవలేదు. ఆ రాత్రి గాలిదుమారానికి తీగలు తెగి ఊరంతా కరెంటు పోయింది. తెల్లారినా బర్రెది అదే మొండితనం.

"గిట్లనే ఉంటే వట్టిపోతది," అంది అత్తమ్మ, కళ్లు తుడుచుకుంటూ. ఆ ఇల్లు నడిచేది ఆ పాల మీదే.

మామ వాకిట్లోంచి, "నీ ఫోన్ల గిదొక్కటి చెప్పలేదా కోడలా?" అన్నాడు.

"చల్లగనే ఉంది గదా! ఇంకేం కావాలె దీనికి?" అని అరిచాను.

బర్రె తల ఎత్తి ఆగిన రెక్కల వైపే చూస్తోంది. అత్తమ్మ కూడా అటే చూసింది. "చప్పుడు లేదు గదనే! మనింటికి వచ్చినప్పటి సంది గా చప్పుడు నడుమనే పాలిచ్చింది."

నాకు నమ్మకం లేదు. అయినా తిడదామని తీసిన ఆ ఫ్యాన్ వీడియో తెరిచి, సౌండ్ మొత్తం పెంచి, ఫోన్‌ను గోడ సందులో పెట్టాను. గరగర మొదలైంది. బర్రె చెవులు కదిలాయి. కాసేపటికి గిన్నెలో పాలధార చుయ్యిమంది.

అంతలో ఎవరో కాల్ చేశారు. గరగర ఆగింది. బర్రె కాలు ఎత్తింది.

"ఎత్తకే! కట్ చెయ్యి!" అని అత్తమ్మ అరిచింది.

చేశాను. గరగర మళ్లీ మొదలైంది. నా జీవితంలో ఫోన్ చేతికి దూరంగా అంతసేపు ఎప్పుడూ లేను.

మధ్యాహ్నానికి కరెంటు వచ్చింది. మామ స్విచ్ మీద వేలు పెట్టి అడిగాడు: "జర చెప్పు కోడలా. బర్రె పాలిచ్చింది నీ చల్లదనానికా, చప్పుడుకా? గిప్పుడు ఫ్యాన్ వెయ్యాల్నా, నీ ఫోన్‌కు చార్జింగ్ పెట్టాల్నా?"

బర్రె వైపు చూశాను. అది నెమరు వేస్తోంది.