కంటి వ్యాను కంప్యూటర్

మా ఏన్కూరు సెంటర్‌లో తబ్రేజ్ చెప్పుల దుకాణం అందరికీ తెలుసు. లోపలికి అడుగుపెడితే ఎడమవైపు గోడంతా చెప్పుల డబ్బాలు. కుడివైపు మూలన మాత్రం ఒక బల్ల, దాని మీద మూత విప్పిన కంప్యూటర్లు, తీగలు, ఒక టేబుల్ లైటు. ఆ బల్ల తబ్రేజ్ భార్య ఇస్మత్‌ది. చెప్పులు కొనడానికి వచ్చినవాళ్ళు ఒక కాలికి కొత్త చెప్పు తొడుక్కుని చూసుకుంటూనే, "మా పిలగాని ల్యాప్‌టాప్ గరం అయితున్నది, జర చూస్తవా అమ్మా" అని ఆమెను అడుగుతుంటారు.

ఇస్మత్ పుట్టింది ఖమ్మంలో. పాలిటెక్నిక్ చదివి, కాల్వొడ్డు దగ్గర ఒక కంప్యూటర్ రిపేరు దుకాణంలో కొన్నేళ్ళు పనిచేసింది. పెళ్ళయి ఏన్కూరు వచ్చాక ఆ పని ఆగిపోయింది. ఒకరోజు దుకాణంలో బిల్లులు కొట్టే కంప్యూటర్ మొరాయించింది. తబ్రేజ్ దాన్ని ఖమ్మం తీసుకుపోదామని ఆటో కోసం చూస్తుండగా ఆమె వంటింట్లోంచి వచ్చి, మూత విప్పి, ర్యామ్ కార్డును తీసి తుడిచి మళ్ళీ పెట్టింది. కంప్యూటర్ లేచింది. తబ్రేజ్ మర్నాడే చెప్పుల అరలు రెండు తీసేసి, ఆ జాగాలో బల్ల వేయించాడు.

మామ షుకూర్ భాయి కొంతకాలం ఆ బల్ల వైపు చూడలేదు. ఆయన జీవితమంతా ట్రాక్టర్లకు, లారీలకు సీట్లు కుట్టిన మనిషి. ఇప్పుడు చూపు కొంచెం తగ్గి, పని తగ్గించుకుని, దుకాణం ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. కోడలు పదిమందిలో కూర్చుని పని చేయడం ఆయనకు ఇష్టమో కాదో ఎవరికీ తెలియదు. ఒక్కసారి మాత్రం, "చేస్తే పని మంచిగ చెయ్యాలె బేటీ" అన్నాడట.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక పొద్దున దుకాణం ముందు తెల్ల వ్యాను ఆగింది. ఖమ్మంలో ఒక ట్రస్టు నడిపే కంటి ఆసుపత్రిది అది. ప్రతివారం చండ్రుగొండ దాటి అడవిలోకి వెళ్తుంది. తండాల్లో, గూడేల్లో ముసలివాళ్ళ కళ్ళు చూస్తుంది. వ్యానులో ఒక కెమెరా ఉంటుంది. అది కంటి లోపలి భాగాన్ని ఫొటో తీస్తే, సీటు కింద బిగించిన కంప్యూటర్ ఆ ఫొటోను సిమ్ కార్డు ద్వారా ఖమ్మంలోని డాక్టరుకు పంపుతుంది. ఆపరేషన్ కావాలా, చుక్కల మందు చాలా అన్నది ఆయన అప్పటికప్పుడే చెబుతాడు. ఆ రోజు వ్యానులోంచి దిగింది హైమ. కళ్ళు పరీక్ష చేసి ఫొటోలు తీసేది ఆమే. వైరా దగ్గర రైతు కుటుంబం వాళ్ళది.

"అక్కా, కంప్యూటర్ అసలు ఆన్ అవడం లేదు. కంపెనీకి పంపితే తిరిగి రావడానికి నెల పైనే పడుతుందన్నారు. అప్పటిదాకా క్యాంపులు ఆపుకోవాల్సిందే. మీరొకసారి చూస్తారా?" అని అడిగింది హైమ.

డ్రైవర్ ముసలయ్య పెట్టెను మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. ఇస్మత్ మూత విప్పితే లోపలంతా ఎర్రమట్టి దుమ్ము. కుంచెతో దులిపి, లైటు దగ్గరకు లాగి చూసింది. మదర్‌బోర్డు మీద ఒకచోట నల్లగా మాడి ఉంది.

"బోర్డు పోయింది మేడం. మిగతావన్ని మంచిగనే ఉన్నయ్. ఈ ప్రాసెసర్ పాతది, దీనికి సరిపోయే బోర్డు దొరికితే చాలు, నేను బిగిస్త."

ఆ మధ్యాహ్నమే ఇస్మత్ బస్సెక్కి ఖమ్మం వెళ్ళింది. తాను పనిచేసిన దుకాణంతో మొదలుపెట్టి తెలిసిన దుకాణాలన్నీ తిరిగితే, ఆ ప్రాసెసర్‌కు సరిపోయే కొత్త బోర్డు ఒకే ఒక్క రకం దొరికింది. చిన్నది, చౌకది. తెచ్చి బిగించింది. కంప్యూటర్ లేచింది. అయితే లోపలి తీగలు ఒక్కొక్కటే కలుపుతుండగా ఆమె చెయ్యి ఆగిపోయింది.

మదర్‌బోర్డు మీద సూదుల్లా నిలబడి ఉండే పిన్నుల వరుసలు ఉంటాయి. వాటిని హెడర్ అంటారు. పెట్టె లోపలే ఉండే యూఎస్‌బీ పరికరాల తీగలు వాటికి తగిలించాలి. ఒక్కో హెడర్ రెండు పరికరాలకు దారి ఇస్తుంది. పాత బోర్డు మీద అలాంటివి మూడు ఉన్నాయి. ఒకటి పెట్టె ముందువైపు ఉన్న రెండు సాకెట్లకు. కెమెరా, ప్రింటర్ అక్కడే పెడతారు. రెండోది సిమ్ కార్డు ఉన్న మోడెమ్‌కు. మూడోది బొటనవేలంత ఉన్న ఒక తాళానికి. అది తగిలించి ఉంటేనే కెమెరా సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. ఎక్కడా పోకుండా దాన్ని పెట్టె లోపలే బిగించారు. కొత్త బోర్డు మీద హెడర్ ఒక్కటే ఉంది. ముందు సాకెట్లకు ఇస్తే అదీ అయిపోయింది. మోడెమ్, తాళం చేతిలో మిగిలాయి.

వాటికి పొడుగు తీగలు తగిలించి, పెట్టె వెనకనుంచి బయటికి తీసి, వెనకున్న మామూలు సాకెట్లలో పెట్టింది. అన్నీ పని చేశాయి. హైమ అక్కడే తన కంటిని తానే ఫొటో తీసి చూసుకుంది. ఫొటో ఖమ్మం చేరింది. హైమ, ముసలయ్య సంతోషంగా వెళ్ళిపోయారు.

మర్నాడు సాయంత్రం వ్యాను మళ్ళీ వచ్చింది. ముసలయ్య దిగి తల గోక్కున్నాడు.

"రోడ్డు పాడుగున్నదమ్మా. గుంతలల్ల ఊగి ఊగి వెనక ప్లగ్గులు రెండు ఊడినయ్. టేపు చుట్టిన, అది గూడ ఎండకు జారిపోయింది."

"ఫొటోలు కొన్ని తీశామక్కా, తర్వాత సాఫ్ట్‌వేర్ మూసుకుపోయింది. మళ్ళీ పెట్టాం, మళ్ళీ ఊడింది," అంది హైమ. "లైనులో ఉన్నవాళ్ళను వచ్చే వారం రమ్మని పంపించేశాం. హేమ్లి అని ఒక ముసలమ్మ ఉంది. కర్ర పట్టుకుని పొద్దున్నే అందరికంటే ముందు వచ్చింది. కూర్చుని కూర్చుని తిరిగి వెళ్ళిపోయింది పాపం."

ఇస్మత్‌కు ఆ ముసలమ్మ ఎవరో తెలియదు. కానీ రొట్టెలు చేస్తున్నా, బల్ల ముందు కూర్చున్నా ఆమే గుర్తుకొచ్చింది. ఊడిపోయింది తాను పెట్టిన ప్లగ్గు. రోడ్డు మీద తిరిగే పెట్టెకు, బల్ల మీద ఉండే పెట్టెకు చేసినట్టు చేసింది తాను. ఇక ఏదీ బయట ఉండకూడదు. అన్నీ లోపలే, పాత బోర్డులో ఉన్నట్టే ఉండాలి.

ఉన్న ఒక్క హెడర్‌కే అన్ని తీగలూ కలిపి ముడివేస్తే కుదరదు. ఒక దారిలో ఒక పరికరమే మాట్లాడగలదు. రెండు కలిపితే రెండూ మూగవైపోతాయి. మధ్యలో ఒక హబ్ ఉండాలి. అది ఒక్కొక్కదాని మాట విడివిడిగా విని బోర్డుకు చేరవేస్తుంది. బయట పెట్టుకునే హబ్బులు ఆమె ఎన్నో చూసింది. పెట్టె లోపల హెడర్‌కే తగిలించి, తన మీద మళ్ళీ రెండు హెడర్లు ఇచ్చే రకం ఉంటుందని విన్నది గానీ ఎప్పుడూ బిగించలేదు. ఖమ్మంలో పాత యజమానికి ఫోన్ చేస్తే ఆయన హైదరాబాద్ నుంచి తెప్పించి, బస్సు పార్సిల్‌లో పంపాడు.

అగ్గిపెట్టెకంటే కొంచెం పెద్దది. బోర్డు హెడర్‌కు దాన్ని తగిలించింది. హబ్ మీది మొదటి హెడర్ ముందు సాకెట్లకు, రెండోది సగం మోడెమ్‌కు, సగం తాళానికి. లెక్క సరిపోయింది. కానీ కెమెరా నడుస్తుండగా మోడెమ్ ఫొటో పంపడం మొదలుపెట్టగానే అన్నీ ఒక్కసారి పోయి మళ్ళీ వచ్చాయి. ఇంకోసారి చేస్తే మళ్ళీ అంతే.

తబ్రేజ్ చెప్పులు చూపిస్తూనే అటు చూశాడు. "ఏమైంది?"

"కరెంటు చాలుతలేదు. ఇంతమందికి ఆ ఒక్క హెడర్ నుంచే కరెంటు అంటే యాడికెళ్ళి వస్తది?"

హబ్ పక్కన విడిగా కరెంటు తీసుకునే చిన్న మూతి ఉంది. పెట్టెలో ఖాళీ తీగ లేదని ఆమె దాన్ని వదిలేసింది. ఇప్పుడు హార్డ్‌డిస్క్‌కు వెళ్ళే కరెంటు తీగకు ఒక పాయ కలిపి దానికి ఇచ్చింది. కెమెరా పెట్టింది, ప్రింటర్ నడిపింది, ఫొటోలు వరుసగా పంపింది. ఏదీ మధ్యలో ఆగలేదు. కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు షుకూర్ భాయి లేచి వచ్చాడు. ఆ బల్ల దగ్గరికి ఆయన రావడం అదే మొదటిసారి. పెట్టెలోకి వంగి చూశాడు.

"ఇది దేంతోని అతికినవ్?"

"దాని కింద జిగురు స్టిక్కర్ ఉంటది అబ్బాజాన్."

"స్టిక్కర్ రోడ్డుకు ఆగదు బేటీ. ముసలయ్యను రమ్మను, ఒకసారి తిప్పి చూద్దాం."

ముసలయ్య వ్యాను తెచ్చాక పెట్టెను అందులో బిగించారు. మామా కోడలూ పెట్టె పక్కన కూర్చున్నారు. తండాలకు పోయే మట్టి దారిలో ముసలయ్య గుంతలు తప్పించకుండా నడిపాడు. తిరిగొచ్చి మూత తీస్తే ఆయన చెప్పినట్టే అయింది. హబ్ జారి, తీగల మీద వేలాడుతోంది. ఇంకొంచెం దూరం పోతే ఊడేదే.

షుకూర్ భాయి ఇంట్లోకి వెళ్ళి సీట్లు కుట్టే మైనపు దారం, లావు సూది తెచ్చాడు. తబ్రేజ్ కొత్త చెప్పు అట్టలోంచి మెత్తని రబ్బరు ముక్క కోసి ఇచ్చాడు. పెట్టె రేకుకు గాలి ఆడటానికి చిల్లులు ఉన్నాయి. రబ్బరు మీద హబ్‌ను ఉంచి, ఆ చిల్లుల్లోంచి దారం పోనిచ్చి కుట్టు వేయడం మొదలుపెట్టాడు. చూపు సరిగా ఆనక దారం రెండుసార్లు తప్పింది.

"ఏ తీగ మీద దారం పోవద్దో చెప్పు. నువ్వు చెప్తుండు, నేను కుడ్త," అన్నాడు.

ఇస్మత్ లైటు పట్టుకుని చూపించింది. ఆయన కుట్టాడు. హబ్‌ను, మోడెమ్‌ను, తాళాన్ని, వాటి తీగలను కదలకుండా, నలగకుండా కుట్టాడు. తర్వాత ముసలయ్య మళ్ళీ అదే దారిలో, ఈసారి ఇంకొంచెం జోరుగా తిప్పాడు. మూత తీసి చూస్తే ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

తరువాతి క్యాంపుకు హైమ ఆమెను కూడా రమ్మంది. చండ్రుగొండ దాటాక దారికి రెండు పక్కలా అడవి. తండా చేరేసరికి బడి వరండాలో జనం కూర్చుని ఉన్నారు. హేమ్లి ఈసారి కూడా అందరికంటే ముందే ఉంది. పేరు పిలవగానే కర్ర పక్కన పెట్టి, కెమెరాకు గడ్డం ఆనించి కూర్చుంది. తెర మీద ఎర్రగా, గుండ్రంగా ఆమె కన్ను వచ్చింది. ఇస్మత్ ఊపిరి బిగపట్టి చూసింది. ఫొటో వెళ్ళిపోయింది. కొంతసేపటికి హైమ ఫోన్ మోగింది.

"హేమ్లమ్మా, నీ కుడికన్ను ఆపరేషన్‌తో బాగవుతుందంట. డాక్టరుగారు చెప్పారు," అంది హైమ. తరువాత ఇస్మత్ భుజం పట్టుకుని ముందుకు తెచ్చింది. "మొన్న మిమ్మల్ని ఖాళీగా పంపించాం కదా. ఈ మిషన్‌ను మళ్ళీ నిలబెట్టింది ఈమే."

ముసలమ్మ ఇస్మత్ చెయ్యి పట్టుకుని, ముఖం దగ్గరకు తెచ్చుకుని చూసింది.

"నువ్వే చేసినవా బిడ్డా?"

"అవ్ అమ్మా. నేనూ మా మామా కలిసి చేసినం."

ఆ రోజు సాయంత్రం దాకా వరండాలోని వాళ్ళందరి ఫొటోలూ వెళ్ళాయి. ప్లగ్గు ఊడింది, ఆగమన్న మాట ఒక్కసారి కూడా వినబడలేదు. తిరుగు ప్రయాణంలో ముసలయ్య పాటలు పెట్టుకుని నడిపాడు. ఇస్మత్ కిటికీ పక్కన కూర్చుని, ఎవరికీ కనబడకుండా నవ్వుకుంటూనే ఉంది.

ఇంటికొచ్చి ఆ ముసలమ్మ సంగతి షుకూర్ భాయికి చెప్పింది. మర్నాడు సెంటర్‌లో చాయ్ తాగుతూ ఆయన మాతో చాలాసేపు మాట్లాడాడు. హెడర్ అంటే ఏంది, హబ్ అంటే ఏంది, దానికి విడిగా కరెంటు ఎందుకియ్యాలె అన్నవన్నీ గ్లాసులు అటూ ఇటూ జరిపి మరీ చూపించాడు. మాకు సగమే అర్థమైంది. చివరికి గ్లాసు కింద పెట్టి, "మా కోడలు చేసిన పని గది," అన్నాడు. ఆయన నోట అంత గట్టిగా అలాంటి మాట మేం ఎన్నడూ వినలేదు.

ఆ హేమంతంలోనే హేమ్లికి ఆపరేషన్ అయింది. ఆసుపత్రికి ఇంకో రెండు వ్యాన్లు ఉన్నాయి. వాటి పెట్టెలూ ఇప్పుడు ఏన్కూరే వస్తున్నాయి. కొత్తగా వచ్చిన ప్రతి పెట్టెనూ ఇస్మత్ విప్పి, తీగలు సరిచేసి, పరీక్షించి పక్కన పెడుతుంది. అప్పుడు షుకూర్ భాయి కళ్ళజోడు తుడుచుకుని, సూదిలో దారం ఎక్కించుకుని, తన కుర్చీని బల్ల దగ్గరకు లాక్కుంటాడు.