పౌలు నడవని దారి

తడిసిన పాత ఇటుక వాసన నాకు మూడు చోట్ల తెలుసు: జర్మనీలోని వాల్డార్ఫ్‌లో మేం మొదట అద్దెకున్న ఇంటి సెల్లార్‌లో, గోదావరి వైపు మామ్మ వాళ్ల ఇంటి బావి గట్టు దగ్గర, నెకార్ నది ఒడ్డున ఒక చిన్న ఊళ్లో రోమన్ల కాలపు స్నానశాల శిథిలాల మీద వేసిన రేకుల కప్పు కింద. పోయిన ఆదివారం ఆ మూడో చోటికి చాలా ఏళ్ల తర్వాత వెళ్లాను. జేబులో ఫోను, ఫోనులో నాన్న పంపిన మెసేజ్: "మామ్మ తెచ్చిన రాయి పక్కన మన ఊరి చర్చి గోడకి పలక పెడతారంట. పౌలు గారు జర్మనీలో ఆ ఊరు వచ్చిన సంగతి రెండు ముక్కల్లో రాసి పంపు. బుధవారానికల్లా చెక్కేవాడికి ఇవ్వాలి."

బైబిల్లోని పౌలు నెకార్ ఒడ్డున ఆ ఊరు రాలేదు. వచ్చాడని చెప్పింది నేను, తొమ్మిదేళ్ల వయసులో.

ఆ రోజుల్లో మా ఇంట్లో జర్మన్ వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. నాన్న ఆఫీసులో ఇంగ్లీషుతో గడిచిపోయేది, అమ్మకి గూటెన్ టాగ్ అనే నమస్కారం దాటి ఒక్క మాట వచ్చేది కాదు. అందుకని బడి నుంచి వచ్చిన ఉత్తరాలు, మీటే, అదే అద్దె, పెంచుతూ ఇంటి ఓనరు రాసిన కాగితాలు, పళ్ల డాక్టరు దగ్గర టైము తీసుకునే టెర్మిన్, కింది వాటా ముసలాయన చెత్తడబ్బాల గురించి చేసే ఫిర్యాదులు, అన్నీ నా నోట్లోంచే అటూ ఇటూ వెళ్లాలి. అవతలివాళ్లు ఐదు వాక్యాలు చెబితే నేను ఒకటి చెప్పడం ఆ అలసటలోనే అలవాటు చేసుకున్నాను. ఎవరూ పట్టుకోలేకపోయారు.

ఆ వసంతంలో మామ్మ మూడు నెలల వీసా మీద వచ్చింది. ఆమె పెట్టెలోంచి దిగినవి నాకు వరసగా గుర్తున్నాయి: గుడ్డ చుట్టి మైనం పోసిన ఆవకాయ జాడీ, సున్నుండల డబ్బా, జంతికలు, వేపపుల్లల కట్ట, అంచులు నలిగిన పెద్దక్షరాల బైబిలు. తెల్లవారకముందే లేచి, నెత్తిన ముసుగు వేసుకుని, హీటర్ పక్కన కూర్చుని పెదవులు కదుపుతూ చదువుకునేది. మా చుట్టుపక్కల పొలాల్లో తెల్ల శ్పార్గెల్ కాడలు పండే కాలం అది, రోడ్డు పక్క గుడిసెల్లో కట్టలు కట్టి అమ్మేవారు. మామ్మ వాటిని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ములక్కాడలకి తెల్లబొల్లి వచ్చిందని జాలిపడి, చింతపండు వేసి పులుసు పెట్టింది. ఇల్లంతా ఇంగువ వాసన. కింది వాటా ముసలాయన దానికీ పైకొచ్చాడు.

నెలలో మొదటి ఆదివారం చర్చి అయ్యాక నాన్న మమ్మల్ని ఆ శిథిలాలకి తీసుకెళ్లేవాడు. అక్కడ తవ్వకాలు చేసిన ఫ్రావ్ లోరెన్స్ అనే ఆవిడ స్వయంగా చుట్టూ తిప్పి చూపించేది. రబ్బరు బూట్లు, మోచేతుల దాకా మడిచిన చొక్కా, చేతిలో ఒక చిన్న తాపీ. ఆ తాపీతోనే వేడినీళ్ల గది, చన్నీళ్ల గది, నేల కింద వేడిగాలి పారడానికి కట్టిన పొట్టి ఇటుక స్తంభాలు చూపించేది. చివర్లో, కుక్క అడుగు పడిన ఒక పెంకు మీద పిల్లలందరి చేత చెయ్యి పెట్టించేది. పచ్చిగా ఆరబెట్టినప్పుడు తొక్కేసిందట. పెద్దవాళ్లు వింటుంటే నేను స్తంభాలు లెక్కపెట్టేవాణ్ని. ఏ నెలా లెక్క కలిసేది కాదు.

మామ్మ వచ్చిన ఆ ఆదివారం మాత్రం లెక్కకి తీరిక లేదు. రోమన్లు అని వినగానే ఆమె ముసుగు వేసేసుకుంది. ఆమెకి తెలిసిన రోమన్లు వేరు, పౌలు గారు ఉత్తరం రాసింది వాళ్లకి.

"ఒరేయ్ చిన్నోడా, ఏమంటందిరా ఆ తాపీ దొరసాని?"

"స్నానాల గదంట మామ్మా."

"ఇంతసేపు చెప్తే అంతేనా? నీళ్లు కాచినోళ్లు కూడా ఇందులో తానం చేసేవోళ్లేమో అడుగు."

అడగలేదు. పొద్దున చర్చిలో ప్రసంగం మొత్తం ఆమె చెవిలో తెలుగు చేశాను, గొంతు ఎండిపోయింది, కారులో ఆవకాయన్నం డబ్బా ఉంది.

"పోనీ, పౌలు గారు ఇటేపు వచ్చారేమో అడుగు."

నేను ఫ్రావ్ లోరెన్స్ వైపు తిరిగి, మరుగుదొడ్డి ఎక్కడని అడిగాను. ఆమె చెయ్యెత్తి ఒక వైపు చూపించింది.

"వచ్చాడంట మామ్మా. అటేపు నుంచి."

"వచ్చాడేంట్రా, నీతో గోళీలాడినోడిలాగ! వచ్చారంట, అను."

"వచ్చారంట."

మామ్మ చెప్పులు విడిచి, అటు వెళ్లే బాట మీది ఎర్ర కంకరలో మోకరించింది. గుంపంతా ఆగిపోయింది. ఏమైందని ఫ్రావ్ లోరెన్స్ అడిగితే మోకాళ్ల నొప్పులని చెప్పాను. ఆమె పరుగున వెళ్లి మడతపీట తెచ్చింది. మామ్మ ఆమె తల మీద చెయ్యి పెట్టి, "చల్లగా ఉండు తల్లీ" అని, ఒక కంకర రాయి కొంగున ముడేసుకుంది. గోడలు తొక్కకండి, ఈ కంకర మాత్రం కిందటి శరదృతువులో మున్సిపాలిటీ పోయించింది కాబట్టి దీని మీదే నడవండి అని ఫ్రావ్ లోరెన్స్ మొదట్లోనే చెప్పింది. అదీ నేను తెలుగు చెయ్యలేదు.

ఊరెళ్లాక చర్చిలో మామ్మ సాక్ష్యం చెప్పింది. "మా మనవడు దొరసాన్నే అడిగి చెప్పాడు" అని. చర్చికి కొత్త గోడ కట్టినప్పుడు ఆ రాయిని గుమ్మం పక్కన పొదిగారు. పరీక్షలకి వెళ్లే పిల్లలు దాన్ని తాకి వెళతారని విన్నాను. నిజం చెప్పడానికి సెలవుల్లో ఊరెళ్లిన మూడు సార్లు వీలు దొరికింది. మూడు సార్లూ, ఇప్పుడెందుకులే అనిపించింది. పోయిన వానాకాలం మామ్మ కన్నుమూసింది.

పోయిన ఆదివారం చూస్తే ఫ్రావ్ లోరెన్స్ జుట్టు పూర్తిగా నెరిసింది, చేతిలో తాపీ బదులు ఊతకర్ర. అందరూ వెళ్లాక మామ్మ అడగమన్న రెండు ప్రశ్నలూ అడిగాను.

"పౌలా? ఇక్కడ మొదటి ఇటుక పెట్టేనాటికే ఆయన పోయి చాలా కాలం" అంది. రెండోదానికి ఊతకర్ర ఎత్తి ఒక మూలకి చూపించింది. "పొయ్యి గదిలో నీళ్లు కాచినవాళ్లు తిని పారేసిన ఎముకలు దొరికాయి. స్నానం చేశారో లేదో తెలీదు. ఎవరు అడుగుతున్నారు?"

"మా మామ్మ" అన్నాను.

బెంచీ మీద కూర్చుని నాన్నకి ఒక వాక్యం పంపాను. వెంటనే ఫోను మోగింది.

"పౌలు గారి మాటేదిరా?"

"ఆయన రాలేదు నాన్నా. మామ్మకి నేనే అబద్ధం చెప్పాను."

"మరి పలక?"

"నేను రాసింది చెక్కించండి. అది నిజమే."

"పాస్టరు గారికి ఏం చెప్పను?"

"నేను చెప్తాను, మొత్తం."

లేచి కారు దాకా నడిచాను. చక్రాల కుర్చీల కోసం బాటంతా సిమెంటు చేశారు, ఎర్ర కంకర ఒక్కటీ లేదు. ఆ బాటది మిగిలింది గోదావరి దగ్గరి చర్చి గోడలో ఒక్క రాయి, దాని పక్కన మామ్మ పేరుతో రాబోయే పలక: "సుగుణమ్మ గారు జర్మనీలో మోకరించిన చోటి నుండి తెచ్చిన రాయి."